బండి నడిరోడ్డులో ఆగిపోతే



కిందటి నెల ఈ శీర్షికలో గ్యాస్ పొయ్యి జాగ్రత్తల గురించి రాశాను. ఈ నెల ఎండాకాలపు పచ్చళ్ళ గురించి రాద్దామని కూర్చున్నాను గాని, మా ఇంటివారికే జరిగిన ఒక సంగతి మీదికి మనసు పోతున్నది. అది చెప్పకుండా పచ్చళ్ళు రాయలేకపోయాను.

"మాకు కారు ఎక్కడిదమ్మా, మేము బస్సెక్కేవాళ్ళం" అని మీలో చాలామంది అనుకోవచ్చు. నిజమే. అయితే పెళ్ళికో, ఆసుపత్రికో, సభలకో పోవలసి వచ్చినప్పుడు ఊళ్ళో పదిమంది కలిసి తుఫాన్ బండో, ఆటో ట్రాలీయో మాట్లాడుకోవడం మామూలే. అట్టి బండి దారిలో ఆగిపోతే డ్రైవరు ఇంజను దగ్గర ఉంటాడు. పిల్లల్నీ ముసలివారినీ ఎటు దింపాలి, ఎక్కడ నిలబెట్టాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది. గనుక ఈ మాటలు నడిపేవారికన్నా ఎక్కి కూర్చునేవారికే ఎక్కువ అవసరం.

మా అన్నయ్యావాళ్ళది మెదక్ దగ్గర ఒక పల్లె. జనవరిలో మనవరాలిని నీలోఫర్ ఆసుపత్రిలో చూపించడానికి హైదరాబాదు తెచ్చారు. కోడలు బాలింత, ఇంటి దగ్గరే ఉన్నది. మా మేనల్లుడు తన పాత కారు నడుపుకుంటూ వచ్చాడు. నేను నగరంలోనే ఉంటాను గనుక ఆసుపత్రి దగ్గర వాళ్ళతో కలిశాను. డాక్టరుగారు చూసి మందులు రాశారు, భయం లేదన్నారు. ఇక ఆబిడ్స్‌లో పాపకు చెప్పులు కొని, సాయంత్రానికి మా ఇంటికి పోదామని బయలుదేరాము.

నుమాయిష్ రోజులు. అది 1938 నుండి నడుస్తున్న ప్రదర్శన. ఆ నెలన్నర రోజులూ సాయంత్రం నాంపల్లి రోడ్డు ఎలా ఉంటుందో చూసినవారికి చెప్పనక్కరలేదు. నాంపల్లి మెట్రో స్టేషన్ దాటి గాంధీభవన్ వైపు పోతుంటే మేనల్లుడు "అత్తమ్మా, వేడి ముల్లు ఎర్రగీత దాకా వచ్చింది" అన్నాడు. "మొజంజాహీ మార్కెట్ దాటితే ఆబిడ్స్ వచ్చేసినట్టే, మెల్లగా పోనీ" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. నూరు గజాలు పోయామో లేదో, బానెట్ సందుల్లోంచి ఆవిరి పొంగింది, ఇంజను ఆగిపోయింది. మేము రోడ్డు నడుమ వరుసలో ఉన్నాము. వెనుక హారన్లు మొదలైనవి.

ఆ హారన్లు వింటే మనిషికి ఏదో తప్పు చేసినట్టు సిగ్గు వేస్తుంది. తొందర పుడుతుంది. "దిగండి, దిగండి, తోద్దాము" అని కేక వేసినది నేనే. మా వదిన పాపను భుజాన వేసుకుని కుడివైపు తలుపు తెరిచింది. డివైడరుకూ మా కారుకూ మధ్య సందులోంచి వస్తున్న మోటారు సైకిలు ఆ తలుపుకు కొట్టుకున్నది. తలుపు తిరిగి వచ్చి వదిన చేతిమీద పడింది. పాప సీటు మీదికి జారిపడింది, దానికి ఏమీ కాలేదు. వదిన మణికట్టు ఎముక విరిగింది. బండి మీద వచ్చిన పిల్లవాడు పడిపోయి మోకాలు గీసుకున్నాడు. అతని తప్పు రవ్వంత కూడా లేదు. వెనుక చూడకుండా తలుపు తీసినది మేము.

అప్పుడు ఒక ఆటో అబ్బాయి తన బండి పక్కన ఆపి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఎడమదిక్కు దిగుండ్రి! కారు సంగతి తర్వాత, ముందుగాల పిల్లను తీస్కొని ఫుట్‌పాత్ ఎక్కుండ్రి" అని అరిచాడు. తన మెడమీది తువాలు తీసి, మా కారుకు కొంత వెనుకగా, వచ్చే బండ్లవైపే ముఖం పెట్టి నిలబడి ఊపాడు. మేమందరం ఎక్కిన తరువాతనే మరి ఇద్దరిని పిలిచి కారును ఎడమ పక్కకు తోయించాడు. మేము చేసినదానికీ అతను చేసినదానికీ తేడా అంతా ఆ వరుసలోనే ఉన్నది. మేము మొదట కారును చూశాము, అతను మొదట మనుషులను చూశాడు.

మొదటి నిమిషంలో ఏమి చేయవలెనో ఆ తరువాత మెకానిక్కులనూ పాత డ్రైవర్లనూ అడిగి తెలుసుకున్నాను. బండి గుంజడం తగ్గిందని తెలియగానే, ఇంకా పోతూ ఉన్న వేగంతోనే ఎడమవైపుకు తేవాలి. పూర్తిగా ఆగిన తరువాత తేవడం కష్టం. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. అవి చెడిపోయినట్టు కాదు, బలంగా తిప్పాలి, బలంగా తొక్కాలి. తాళంచెవి మాత్రం బయటికి తీయకూడదు, స్టీరింగు బిగుసుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మినుకుతాయి. మా మేనల్లుడికి ఆ మీట తెలుసు. ఆ గాభరాలో చేయి అటు పోలేదు. మీరు బండి మాట్లాడుకున్నప్పుడు ఎక్కే ముందే డ్రైవరును "ఆ దీపాలు వెలుగుతాయా బాబూ?" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

దిగడం ఎప్పుడూ ఎడమవైపుకే. కుడివైపు కూర్చున్నవారు కూడా సీటు మీద జరిగి ఎడమ తలుపులోంచే దిగాలి. దిగినవారు బండి వెనుకా నిలబడకూడదు, ముందూ నిలబడకూడదు. వెనుకనుంచి మరో బండి వచ్చి కొడితే ముందు నిలబడినవాడి మీదికి మన బండే వస్తుంది. ఫుట్‌పాత్ ఎక్కి, బండికి దూరంగా, వెనుకవైపుకు నిలబడాలి. బండి కదలకుండా నడుమ వరుసలోనే ఉండిపోయి, రెండు పక్కలా వాహనాలు వేగంగా పోతుంటే మాత్రం దిగకండి. బెల్టు పెట్టుకునే కూర్చుని, దీపాలు వేసి 112కు ఫోను చేయండి. తోయడం అనేది వెనుక ఒక మనిషి వాహనాలను ఆపుతూ ఉన్నప్పుడే చేయవలసిన పని. మన పల్లెదారిలో ట్రాక్టరు తోసినట్టు నాంపల్లి రోడ్డులో కారు తోయలేము.

ఫోనులో "నాంపల్లి దగ్గర ఉన్నాము" అంటే వచ్చేవారికి ఏమి తెలుస్తుంది? మెట్రో దారి కింద అయితే స్తంభాలకు నంబర్లు రాసి ఉంటాయి, ఆ నంబరు చెప్పండి. ఆబిడ్స్‌లో అయితే జీపీఓ, నెహ్రూ విగ్రహం, కింగ్ కోఠి రోడ్డులో సెయింట్ జార్జి చర్చి, ఇట్లా అందరికీ తెలిసిన గుర్తు ఒకటి చెప్పి, దానికి ఏ వైపున ఉన్నారో చెప్పండి. జాతీయ రహదారి మీద అయితే కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాలి. అందుకే దారిలో పోతున్నప్పుడు ఆ రాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచడం మంచిది. పిల్లలకు ఆ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు.

ఇక ఆవిరి సంగతి. మా మేనల్లుడు బానెట్ ఎత్తి, చేతిగుడ్డతో రేడియేటరు మూత తిప్పబోయాడు. ఆటో అబ్బాయి చేయి పట్టుకుని ఆపాడు. అక్కలారా, విజిల్ మీద ఉన్న ప్రెషర్ కుక్కరు మూత మనమెవరమైనా తీస్తామా? రేడియేటరు కూడా అట్టిదే. లోపలి నీళ్ళు ఒత్తిడి మీద మరుగుతూ ఉంటాయి, మూత సడలగానే ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట చల్లారనివ్వాలి. ఆ తరువాత మందపు గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, కొంచెం తిప్పి గాలి పోనిచ్చి, అప్పుడు తీయాలి. మండుతున్న ఇంజనులో చల్లని నీళ్ళు గబుక్కున పోస్తే అది పగిలిపోవచ్చు. అసలు ముల్లు పైకి పోతున్నప్పుడే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజను ఆపేయవలసింది. పది నిమిషాల దారి కోసం నేను పోనిమ్మన్నాను, వదిన నెలన్నర కట్టుతో ఉన్నది.

ఆవిరి వేరు, పొగ వేరు. ఆవిరి తెల్లగా ఉండి గాలిలో కలిసిపోతుంది. నల్లని పొగ, కాలిన రబ్బరు వాసన, పెట్రోలు వాసన వస్తే బానెట్ ఎత్తనే కూడదు. గాలి తగిలితే మంట ఒక్కసారి లేస్తుంది. అందరూ దిగి దూరంగా పోయి 101కి గాని 112కు గాని ఫోను చేయాలి. సామాను కోసం తిరిగి పోవద్దు. నాంపల్లిలోనే బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో కారు రిపేరు జరుగుతుండగా మంట లేచి, అక్కడ నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు అంటుకున్నదని అధికారులు తొలుత చెప్పారు. ఆ రోజే పై అంతస్తులలో ఉన్న తొమ్మిది మంది ప్రాణాలు పోయినవి. వారిలో ఎవరికీ ఆ కారుతో సంబంధం లేదు. మన ఊళ్ళలో ఇంటి ముందే డీజిలు డబ్బాలు పెట్టుకుని, పక్కనే వెల్డింగు చేయించుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వానాకాలం వేరే చిక్కు. నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ మళ్ళీ స్టార్టు చేయకూడదు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్ళు లోపలికి పోయి ఇంజను విరుగుతుంది. నీళ్ళు సీటు దాకా వస్తున్నట్టుంటే బండిని వదిలేయాలి, తలుపు రాకపోతే కిటికీలోంచి రావాలి. అయితే దిగిన తరువాత తెలియని చోట అడుగు వేయకండి. నగరంలో రోడ్డు పక్కనే నాలాలు ఉంటాయి, మూతలేని గుంటలు ఉంటాయి, నీళ్ళ కింద ఏదీ కనబడదు. 2025 సెప్టెంబరులో నాంపల్లికి దగ్గరలోనే హబీబ్‌నగర్ అఫ్జల్‌సాగర్ నాలాలో వరదకు ఇద్దరు కొట్టుకుపోయారు. దారి తెలిసిన ఆ వాడవారిని అడిగి, కర్రతో తడుముకుంటూ నడవాలి.

టైరు పంచరైతే గట్టి నేల మీద, సమంగా ఉన్న చోట ఆపాలి. చేతిబ్రేకు లాగి, మూలగా ఎదుటి చక్రానికి రాయి అడ్డం పెట్టి, బండి ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి తల గాని చేయి గాని పెట్టకూడదు. మనం స్టెప్నీ అంటామే, ఆ మాట బ్రిటన్‌లోని వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊరి స్టెప్నీ వీధి పేరు. 1904 ప్రాంతంలో అక్కడి అన్నదమ్ములు అదనపు చక్రం చేసి అమ్మారు, వీధి పేరు చక్రానికి వచ్చింది, ఆ చక్రం మన పల్లెదాకా వచ్చింది. అయితే ఈనాటి కొత్త కార్లు కొన్నింటిలో స్టెప్నీ ఉండదు. టైరులో గాలి తగ్గితే తెలిపే ఏర్పాటూ, పంచరు వేసుకునే సామానూ ఉంటే అది లేకపోయినా ఫరవాలేదని 2020లో నిబంధన మార్చారు. మీ బండిలో ఏది ఉన్నదో ఇంటి దగ్గరే చూసుకోండి. స్టెప్నీ ఉన్నా అందులో గాలి ఉన్నదా? మా మేనల్లుడి దానిలో లేదు.

ఇప్పటిదాకా నగరం సంగతి చెప్పాను. నగరంలో జనం ఉంటారు, దీపాలు ఉంటాయి. మన ఊళ్ళ మధ్య హైవే మీద రాత్రిపూట ఆగడం దీనికన్నా పది రెట్లు ప్రమాదం. 2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర హైదరాబాదు–విజయవాడ రహదారి మీద, చెడిపోయి ఆగి ఉన్న లారీని వెనుకనుంచి కారు ఢీకొని ఆరుగురు చనిపోయారు. ఆగి ఉన్న బండి కదులుతున్నదో లేదో వెనుకవాడికి చీకటిలో చివరిదాకా తెలియదు. ఎర్ర త్రికోణం అట్టను బండికి ఆనించి పెట్టి లాభం లేదు. నగరంలో 50 అడుగులు, హైవే మీద నూరు పెద్ద అడుగులు వెనుకకు నడిచి పెట్టాలి. నడిచేటప్పుడు రోడ్డు అంచున, వచ్చే వాహనాలను చూస్తూ నడవాలి. మనుషులందరూ ఇనుప కంచె అవతలకో, రోడ్డు కట్ట దిగువకో పోయి కూర్చోవాలి. బండిలోనే నిద్రపోవడం, బండి వెనుక నీడలో కూర్చుని సద్ది తినడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. జాతీయ రహదారుల మీద ఏ ఊళ్ళో ఉన్నా 1033 నంబరు పని చేస్తుంది. గస్తీ బండి, అంబులెన్సు, క్రేను పంపిస్తారు.

ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పాలి. లారీ ఆగితే చుట్టూ పెద్ద రాళ్ళూ చెట్టుకొమ్మలూ పెట్టడం మనవాళ్ళకు అలవాటు. రిపేరు కాగానే లారీ పోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. రాత్రి అటు వచ్చే స్కూటరువాడు ఆ రాళ్ళకు తగిలి పడతాడు. త్రికోణం లేనప్పుడు కొమ్మలు పెట్టుకోండి, తప్పు లేదు. పోయేటప్పుడు తీసి పారవేయకపోవడం మాత్రం పాపమే. దారిలో అట్టి రాయి కనబడితే, క్షేమంగా ఆగగలిగిన చోట ఆగి పక్కకు దొర్లించండి. అట్లాగే ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపం ఉండదు. ఎర్రగా మెరిసే పట్టీ కొంచెం డబ్బుకే దొరుకుతుంది, పత్తి లోడు కిందా గడ్డి మోపుల కిందా కప్పబడిపోకుండా అంటించండి. రైలు గేటు మీద బండి ఆగితే స్టార్టు చేసే ప్రయత్నం తరువాత, మొదట అందరినీ దింపి పట్టాలకు దూరంగా పంపి, గేటుమానుకు చెప్పండి.

ఆడవారు మాత్రమే ఉన్నప్పుడు, అందునా రాత్రివేళ, బండి కొంచెమైనా కదిలేటట్టుంటే వెలుతురు ఉన్న చోటికి చేర్చండి. పెట్రోలు బంకు, పోలీసు స్టేషన్, రైల్వే స్టేషన్ ముందు భాగం మంచివి. సాయం చేస్తామని వచ్చినవారందరూ చెడ్డవారు కారు, అందరూ మంచివారూ కారు. అద్దం కొంచెమే దించి మాట్లాడి, "మా వాళ్ళకు ఫోను చేయండి" అని అడిగితే చాలు. బండిని లాగించుకుపోయే క్రేనువారితో డబ్బు మాట ముందే తేల్చుకోండి, వారి బండి నంబరు ఇంటికి పంపండి. బండిని వదిలేసి పోవద్దు కూడా. పది గంటలకు మించి దిక్కులేకుండా ఉన్న బండిని, రాకపోకలకు ప్రమాదమైతే అంతకు ముందే, పోలీసులు లాగించవచ్చుననీ ఆ ఖర్చు యజమానిదేననీ మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షను చెబుతున్నది.

చివరగా ఆ ఆటో అబ్బాయి గురించి. వదినను ఆసుపత్రికి తీసుకుపోతూ దారిలో నేను అడిగాను, "నీకు పోలీసుల భయం లేదా నాయనా?" అని. "ఇదివరకు ఉండె అమ్మా, ఇప్పుడు చట్టం వచ్చింది గద" అన్నాడు. నిజమే. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసేవారిని కాపాడే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది, 2020లో నియమాలు వచ్చాయి. ప్రమాదంలో ఉన్నవారిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టరాదు. పేరూ చిరునామా చెప్పమని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని బలవంతం చేయరాదు. ఆ చట్టంలో అట్టివారికి పెట్టిన పేరు మనకు కొత్తది కాదు, "మంచి సమరయుడు". లూకా సువార్త పదవ అధ్యాయంలోని ఆ ప్రయాణికుడి పేరు మన దేశపు చట్టపుస్తకంలోకి వచ్చిందని మా అన్నయ్యకు చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దెబ్బలు తగిలినప్పుడు 108ను కూడా మరువవద్దు. అది 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన సేవ. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజులదాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025 మేలో ప్రకటించారు. ఆసుపత్రిలో దాని సంగతి అడగండి. మెడకో నడుముకో దెబ్బ తగిలినట్టుంటే, మంటలూ నీళ్ళూ లాంటి ప్రమాదం లేనంతవరకు అంబులెన్సువారు వచ్చేదాకా మనిషిని కదపవద్దు.

వదిన కట్టు విప్పారు, ఇప్పుడు పిండి కలపగలుగుతున్నది. మేనల్లుడి కారులో వెనుక ఒక గోనెసంచి ఉన్నది. అందులో ఎర్ర త్రికోణం అట్ట, టార్చిలైటు, తాడు, ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా, మందపు గుడ్డ, గాలి కొట్టిన స్టెప్నీకి తగిన పానా, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిన నాలుగు నంబర్లు ఉన్నాయి. ఫోనులో ఉన్నవి ఫోను ఆగిపోతే దొరకవని ఆ కాగితం వదిన పెట్టించింది. పాప చెప్పులు మాత్రం ఆ రోజు కొననే లేదు. మార్చిలో మళ్ళీ డాక్టరుకు చూపించడానికి వచ్చినప్పుడు ఆబిడ్స్ పోయి కొన్నాము, మెట్రోలో నాంపల్లి దాకా పోయి, అక్కడినుంచి నడిచి.

పచ్చళ్ళు వచ్చే నెల.